కొందరు గ్రామస్తులు

బొంతకుంట,
10 జూన్ 2024.
(రిజిస్టర్ పోస్టు, రసీదు కార్డుతో)

విషయం: నిషిత అడిగిన సంగతులు తెలియజేయుట గురించి.
సూచిక: నిషిత ఫోను, తేదీ 2 జూన్ 2024.

గౌరవనీయులైన అయ్యా... కాదు, బిడ్డా నిషితా,

పైన అయ్యా అని పడ్డది, ఏమనుకోకు. ఇరవై ఏండ్ల సంది ఆఫీసులకు అర్జీలు రాసీ రాసీ, కాయితం ముంగట పెట్టుకుంటే చెయ్యి దానంతట అదే అటు పోతది. పోయినేడు మీ అమ్మకు రాసిన ఉత్తరంల సుత ‘తమరి పరిశీలనార్థం’ అని రాసిన్నట. జోగిపేటల అందరికి చూపించి నవ్విందట నా చెల్లె.

ఫోన్ల అడిగినవ్, ‘మామా, నీ సంగతి నా పరిశోధనల రాసుకుంట, చెప్పు’ అని. చెప్త గాని ఫోన్ల చెప్పను. ఫోన్ల మాటకు ముట్టినట్టు ముద్ర ఎక్కడ కొడతరు? కాయితం మీద రాస్త. నువ్వు ఢిల్లీల రసీదు కార్డు మీద సంతకం పెట్టు, అది నాకు తిరిగొస్తది, ఫైల్ల పెట్టుకుంట.

ఇగ సంగతికొస్త. 2009ల మా ఊరి పక్కన, కాజీపల్లి దిక్కు, మందుల కంపెనీ ఇంకింత పెద్దగ జేస్తమని ప్రజాభిప్రాయ సేకరణ పెట్టిన్రు. షామియానా, కుర్చీలు, మజ్జిగ ప్యాకెట్లు, పెండ్లికి చేసినట్టే చేసిన్రు. నేను మూడు సీసాలు పట్టుకపోయిన. మన బోరు నీళ్లే, మూడు నెలలయి. ఒకటి తెల్లగ, ఒకటి చాయ లెక్క, ఒకటి ఇటుక రంగు. బల్ల మీద పెట్టి పదకొండు నిమిషాలు మాట్లాడిన. మా దోస్తు బాలప్ప గడియారం చూసిండు. అందరు చప్పట్లు కొట్టిన్రు. నెల తర్వాత పంచాయతీ ఆఫీసు గోడకు కాయితం అంటించిన్రు. అందుల ఒకటే వాక్యమున్నది: ‘కొందరు గ్రామస్తులు నీటి విషయమై సందేహాలు వ్యక్తపరచినారు.’

ఆ కొందరు నేనే. ఊరంత నన్ను ‘కొందరు సంగప్ప’ అంటరు. మీ అత్త వీరమణి సుత, ‘కొందరూ, అన్నం చల్లారుతున్నది’ అని పిలుస్తది.

అప్పటి సంది ప్రతి నెల ఒకటో తారీఖు బోరు నీళ్లు సీసల పట్టి పెడుతున్న. నాకు మోకాలు పట్టుకుంది గద, తెచ్చుడు మీ అత్త తెస్తది. పచ్చడి సీసాలు, మూతలు బిగుతుగుంటయ్. చీటీ మీద తారీఖు, రంగు, వాసన, కింద ‘సేకరించినది: ఎం. సంగప్ప’. నూట ఎనభై దాటినయ్. వెనుక అర్రల మంచం పెట్టే జాగ లేదు.

ఇంకేం గావాలె రాయి.

ఇట్లు తమ విధేయుడు (కొట్టివేత) మీ మామ,
ఎం. సంగప్ప, తండ్రి కీ.శే. శరణప్ప.
నకలు: 1. ఫైలుకు. 2. చెల్లెకు.

*

ఢిల్లీ,
24 జూన్ 2024.

మామకు,

ఉత్తరం ముట్టింది. రసీదు కార్డు మీద సంతకం పెట్టి పోస్టుమ్యాన్ చేతికే ఇచ్చాను. రిజిస్టర్ పోస్టు అనేసరికి కోర్టు నోటీసేమోనని హాస్టల్లో సగంమంది గేటు దగ్గరికి వచ్చారు. మా మామ ఉత్తరం అంటే ఒక్కరూ నమ్మలేదు.

అమ్మ నీకు నాది ‘పొల్యూషన్ చదువు’ అని చెప్పిందట. పూర్తిగా అది కాదు. పర్యావరణం మీద సర్కారు ఒక నిర్ణయం తీసుకునే ముందు జనాన్ని అడుగుతుంది కదా. అక్కడ జనం ఏం మాట్లాడారు, అందులో ఎంత కాగితం మీదికి ఎక్కింది, ఎక్కినదాన్ని పైన ఎవరైనా చదివారా, ఇదీ నా చదువు. ఇప్పటికి నలభై ఒక్క ఊళ్ల సేకరణ కాగితాలు చదివాను. ముప్పై ఆరింటిలో ‘కొందరు గ్రామస్తులు’ ఉన్నారు. అన్ని ఊళ్లలోనూ వాళ్లు సందేహాలే వ్యక్తపరిచారు. చదివీ చదివీ విసుగొచ్చి, ఈ కొందరు ఎవరో ఒక్కరినైనా చూడాలని అనుకున్నాను. మా ఇంట్లోనే ఉన్నావు.

ఒక సంగతి నీకు గుర్తుందో లేదో. 2009లో సెలవులకు వచ్చినప్పుడు నన్ను మోపెడ్ మీద పంచాయతీ ఆఫీసుకు తీసుకుపోయావు. గోడ మీద కాగితాన్ని వేలు పెట్టి ఒక్కో వరుసా చదివావు. అయిపోయాక మళ్లీ మొదటినుంచి చదివావు. ఏం వెతుకుతున్నావని అడిగితే ‘నన్ను’ అన్నావు. నాకప్పుడు పదకొండేళ్లు, ఏమీ అర్థం కాలేదు. కానీ నేను ఈ చదువుకు వచ్చింది ఆ రోజు వల్లే. ఇక్కడ మా ప్రొఫెసర్లు దేశదేశాల పుస్తకాలు చదివారు. పదిహేనేళ్లు నెల తప్పకుండా సీసాలు నింపిన మనిషిని మాత్రం వాళ్లెవరూ చూడలేదు. చెప్పుకోవడానికి నాకెంత గర్వంగా ఉందో నీకు తెలియదు.

దీంతో పాటు ఒక ప్రశ్నల పత్రం, ఒక సమ్మతి పత్రం పంపుతున్నాను. సమ్మతి పత్రం మీద నీ సంతకం కావాలి. లేకపోతే నువ్వు చెప్పింది నేను వాడుకోకూడదు. చీటీల మీద రాసిన రంగూ వాసనా వివరాలు కూడా ఒక నోటుబుక్కులో ఎక్కించి పంపగలవా?

అత్తను అడిగానని చెప్పు.

నీ కోడలు,
నిషిత.

*

బొంతకుంట,
15 జూలై 2024.
(రిజిస్టర్ పోస్టు)

విషయం: సమ్మతి పత్రము, ప్రశ్నల పత్రము, చీటీల నోటుబుక్కు పంపుట గురించి.
సూచిక: నీ ఉత్తరం, తేదీ 24 జూన్.

బిడ్డా నిషితా,

మొదలు ఒక మాట. నీ తెలుగు పేపరోళ్ల తెలుగు లెక్క అయింది. ‘చదివాను, అనుకున్నాను’ అట. మీ అత్త విని, ‘పిల్ల టీవీల వార్తలు చదువుతదా ఏంది’ అన్నది.

సంతకం అడిగినవ్. బిడ్డా, మన దిక్కు సంతకం ఉత్తగ పెట్టరు. ఎనకట ఒక దళారి వచ్చి హాజరు పట్టీ అని అందరితోని సంతకాలు పెట్టించుకున్నడు. తర్వాత చూస్తే అదే కాయితం, పైన ‘మాకు ఏ అభ్యంతరం లేదు’ అని రాసి ఉన్నది. బాలప్ప అప్పటి సంది పోస్టుమ్యాన్‌కు సుత సంతకం పెట్టడు. నేను నీ పత్రం నాలుగు రోజులు చదివిన. ఖాళీ ఉన్న ప్రతి జాగల అడ్డగీత కొట్టిన. ప్రతి పేజీ కింద సంతకం పెట్టిన, పక్కన తారీఖు వేసిన. ఇంకెవరు అడిగినా పెట్టకపోదును.

‘మీ వివరములు గోప్యముగా ఉంచబడును’ అన్న వాక్యం నాకు మంచిగనిపించింది. ఇన్నేండ్లు నేను ఇచ్చిన అర్జీలు బస్తాల కట్టి మూలకు పారేసిన్రు. నువ్వు బీరువల తాళం వేసి పెడతవన్నట్టు. పెట్టు.

ప్రశ్నల పత్రంల ‘సేకరణ పట్ల మీ సంతృప్తి ఎంత, ఒకటి నుంచి ఐదు వరకు’ అని అడిగినవ్. అది తప్పు ప్రశ్న, కొట్టేసిన. సున్న నుంచి మొదలుపెట్టి మల్ల పంపు.

నోటుబుక్కు రాసుకుంట పొయ్యి మీద చాయ మర్చిపోయిన. గిన్నె నల్లగైంది, ఇల్లంత పొగ. బీడీలు తాగి తాగి నా ముక్కు చచ్చిపోయింది, మాడినా తెల్వది. మీ అత్త పొలం కాడి నుంచి వాసన పట్టి ఉరికొచ్చి తిట్టింది.

ఇట్లు మీ మామ,
ఎం. సంగప్ప.
నకలు: 1. ఫైలుకు. 2. చెల్లెకు.

*

ఢిల్లీ,
21 సెప్టెంబర్ 2024.

మామకు,

రెండు నెలలు ఉత్తరం రాయలేదు, తప్పు నాదే. కానీ ఈ రెండు నెలలూ నీతోనే ఉన్నాను. నీ నోటుబుక్కు నా బల్ల మీది నుంచి కదల్లేదు. మూడో అధ్యాయం రాయడం అయిపోయింది. నువ్వు చదవాలని ముప్పై నాలుగు పేజీలూ తెలుగులోకి మార్చి పంపుతున్నాను. అందులో ఎనిమిది పేజీలు నీ సంగతే. నా రాతలో అంతకంటే మంచి పేజీలు లేవు.

ముఖ్యంగా ఆ వాసనలు. ‘మురిగిన మామిడిపండు’, ‘దవాఖాన బాత్రూము’, ‘కాలిన రబ్బరు చెప్పు’. 2017 మార్చిలో ‘గోళ్ల రంగు’. మా కెమిస్ట్రీ విభాగంలో ఒకామెకు చూపిస్తే కుర్చీలోంచి లేచింది. గోళ్ల రంగు వాసనంటే మందుల తయారీలో వాడే ద్రావకాలు అయి ఉండొచ్చట. పరికరం లేకుండా ఇంత కచ్చితంగా ఎవరు రాశారని అడిగింది. ఇంతకీ మామా, గోళ్ల రంగు వాసన నీకెట్లా తెలుసు?

చదివి ఎట్లుందో రాయి. తప్పులుంటే మొహమాటపడకు.

నీ కోడలు,
నిషిత.

*

బొంతకుంట,
7 అక్టోబర్ 2024.

విషయం: కాగితములు ముట్టినట్లు తెలియజేయుట గురించి.
సూచిక: తమరి లేఖ, తేదీ 21 సెప్టెంబర్.

అయ్యా,

తమరు పంపిన ముప్పై నాలుగు పేజీలు ముట్టినవి. చదవడమైనది. పేజీ 12 నుండి 19 వరకు ‘పా-7’ అను వ్యక్తి గురించి వ్రాసి ఉన్నది. ఆ పేరు గల వ్యక్తి కొరకు బొంతకుంట గ్రామములో విచారించగా, అట్టివారు ఎవరూ లేరని తెలిసినది.

ఇట్లు,
కొందరు గ్రామస్తులు.

*

ఢిల్లీ,
18 అక్టోబర్ 2024.

మామకు,

నీ ఉత్తరం చదివి పొట్ట పట్టుకుని నవ్వాను. హాస్టల్లో అందరికీ వినిపించాను. ‘అట్టివారు ఎవరూ లేరని తెలిసినది’ అన్న వాక్యాన్ని నా స్నేహితురాలు కాగితం మీద రాసి గోడకు అంటించింది. మా ప్రొఫెసర్‌కు కూడా చెప్పాను, ఆయన అర్జీ భాషలో ఇంత వెటకారం ఎప్పుడూ చూడలేదన్నారు.

పా-7 అంటే పాల్గొన్నవారిలో ఏడో మనిషి. పరిశోధనలో ఎవరి పేర్లూ రాయం, అందరికీ అంకెలే. అది పద్ధతి.

సరే, జోకులు పక్కన పెట్టి అసలు సంగతి చెప్పు. పేజీలు నచ్చాయా?

నిషిత.

*

బొంతకుంట,
30 అక్టోబర్ 2024.
(రిజిస్టర్ పోస్టు)

నిషితా,

విషయం, సూచిక రాసే ఓపిక లేదు. అది జోకు కాదు.

నువ్వు పంపిన పేజీలు మీ అత్తకు చదివి వినిపించాలెనని బాలప్పను సుత పిలిచిన. చాయ పెట్టించిన. పన్నెండో పేజీ తీసిన. నా సీసాలున్నయ్, నా బోరున్నది, నా మోకాలు నొప్పి సుత ఉన్నది. నేను లేను. పా-7 అని ఎవడో ఉన్నడు. బాలప్ప, ‘కొందరు పోయి ఏడు అయినవ్‌రా, జెర పెరిగినవ్’ అని నవ్విండు. వాడు నవ్వుడు వాడి అలవాటు. నేను పేజీలు మడిచి లోపల పెట్టిన.

పద్ధతి అన్నవ్. పదిహేనేండ్ల కింద సేకరణ పెట్టినోళ్ల ఆఫీసుల అడిగితే వాళ్లు సుత గదే మాట అన్నరు. ‘పేర్లు రాయం పెద్దాయనా, అది పద్ధతి.’ వాళ్లు పరాయోళ్లు. వాళ్లంటే కోపమొచ్చింది. నీ మీద కోపం కాదు బిడ్డా, బాధ అయింది. గోడ కాడ నా పక్కన నిలబడ్డ పిల్లవు నువ్వు.

గోప్యం అంటే భద్రంగ పెట్టుడు అనుకున్న. దాపెట్టుడు అని ఎరుక లేక సంతకం పెట్టిన. ఎవలి నుంచి దాపెడతవ్? కంపెనీ గేటు కాడ వాచ్‌మెన్‌కు నా మోపెడు చప్పుడు తెలుసు, దూరం నుంచే గేటు మూస్తడు. ఈ దిక్కు నన్నెరగని ఆఫీసు లేదు. నేను ఎవలికి కనపడకుండ ఉండాలె?

ఇంకొక సంగతి. కంపెనీ మల్ల పెద్దగ జేస్తరట. డిసెంబర్ 18న మల్ల సేకరణ. నోటీసు పేపర్ల వచ్చింది. నేను పోను అని మీ అత్తకు చెప్పిన. పోయి పదకొండు నిమిషాలు మాట్లాడి మల్ల కొందరనిపించుకునే ఓపిక లేదు.

సంగప్ప.

*

ఢిల్లీ,
12 నవంబర్ 2024.

మామా,

ఉత్తరం చదివాను. నువ్వు బాధపడి రాసినదాన్ని హాస్టల్ గోడకు అంటించనిచ్చాను. తీసేశాను. క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది, అయినా అడుగుతున్నాను.

పేర్లు ఎందుకు దాస్తామో ఒక్కసారి విను, ఆ తర్వాత తిట్టు. జనం చెప్పిన మాటల వల్ల వాళ్ల ఉద్యోగం పోకూడదని, ఎవరూ వాళ్ల గడప తొక్కి బెదిరించకూడదని పెట్టిన నియమం అది. బాలప్ప మామ కొడుకు అదే కంపెనీ క్యాంటీన్లో పనిచేస్తాడు కదా. ఆయన పేరు దాచాల్సిందే. కానీ నీ దగ్గరికొచ్చేసరికి నిన్ను అడగాలన్న ఆలోచనే రాలేదు. అక్కడే తప్పు చేశాను. పేరు కావాలని అడిగినవాళ్లకు పేరు ఉంచవచ్చా అని మా విశ్వవిద్యాలయం కమిటీకి అర్జీ పెట్టాను. అవును, అర్జీయే. విషయం, సూచిక, అన్నీ రాశాను. మూడు నెలలు పడుతుందన్నారు.

ఇక్కడ ఇప్పుడు గాలి పాడైన కాలం. ఎదురు భవనం కనిపించడం లేదు. పొద్దున లేస్తే టీవీలో, పేపర్లో, ఫోన్లో ఈ రోజు గాలి అంకె ఇంత అని చెబుతారు. దాని మీద పెద్దపెద్దవాళ్లు గంటలకొద్దీ వాదిస్తారు. అది చూసినప్పుడల్లా బొంతకుంట గుర్తొస్తుంది. మన బోరు నీళ్ల గురించి దేశంలో ఎక్కడా ఒక్క చర్చ లేదు. ఉన్నవి నీ చీటీలే.

అందుకే డిసెంబర్ 18న నువ్వు పోవాలి. నేనొక వాక్యం పంపుతున్నాను, ఇంగ్లిషులో ఉన్నదీ, కింద తెలుగులో నేను రాసిందీ. సేకరణ నిబంధనల్లో ఉన్న వాక్యమిది. మాట్లాడటాలు అయిపోయాక, అధికారులు రాసుకున్నదంతా అక్కడే, ఆ జనానికే, వాళ్ల భాషలో చదివి వినిపించాలి. ఆ తర్వాతే సంతకాలు. నలభై ఒక్క ఊళ్లలో వెతికాను, చదివి వినిపించమని అడిగినవాళ్లు నాకు కనిపించలేదు. 2009లో మీకు చదివారా?

నీ నిషిత.

*

బొంతకుంట,
12 జనవరి 2025.
(రిజిస్టర్ పోస్టు, రసీదు కార్డుతో)

విషయం: 18 డిసెంబర్ నాటి సేకరణ గురించి.
సూచిక: నువ్వు పంపిన వాక్యం.

బిడ్డా నిషితా,

గోడ మీద కాయితం వచ్చేదాక రాయొద్దనుకున్న, అందుకే ఆలస్యమైంది. మీ అమ్మ ఫోన్ల ఏం చెప్పిందో అది మర్చిపో. ఆమె అక్కడ లేదు.

2009ల చదవలే. చదవాలెనని మాకు తెల్వది. నీ వాక్యం ఇరవైసార్లు చదివిన, నోటికొచ్చింది. అప్పుడు పోవాలెననిపించింది.

షామియానా ఈసారి ఇంక పెద్దది. పన్నెండు సీసాలు సంచిల పెట్టుకొని ముందు వరుసల కూసున్న. నా వంతు రాంగనే లేచిన. లేస్తుంటే వెనుక బాలప్ప చెయ్యెత్తిండు. వాడు జన్మల మైకు పట్టినోడు కాదు. కొడుకు నౌకరి ఉన్నది అక్కడ. ‘నువ్వు కూసో, వాణ్ణి మాట్లాడనియ్యి’ అని నాకు నేనే చెప్పుకొని మైకు వాడికిచ్చిన. వాడు రెండే మాటలన్నడు. ‘మా బర్రె ఆ నీళ్లు ముడతలేదు. మేం తాగుతున్నం.’ అని కూసున్నడు. దాంతోని ఆడోళ్లు లేచిన్రు, పిల్లల తల్లులు లేచిన్రు. నా వంతు మల్ల రాలే. సీసాలు సంచిలనే ఉన్నయ్.

నాలుగున్నరకు సేకరణ నడిపే పెద్ద సారు అందరికి నమస్కారం పెట్టి లేవబోయిండు. నేను నీ కాయితం పట్టుకపోయి, ‘సార్, రాసుకున్నది చదవాలె’ అన్న. ఆయన కండ్లద్దాలు పెట్టుకొని చదివిండు. మంచి మనిషి, కోపం చేయలే. ‘నిజమే, చదువు’ అని రాసుకునే చిన్న సారుకు చెప్పిండు. ఆ పిల్లగాడు మైకుల మొదలుపెట్టిండు: ‘కొందరు గ్రామస్తులు నీటి విషయమై...’

షామియానా అంత నవ్వు. కూసున్నోళ్లు కూసున్నట్టే నన్ను చూసి నవ్వుతున్నరు. చిన్న సారుకు ఏం సమజ్ కాక కాయితం తిప్పి చూసుకున్నడు. అప్పుడు బాలప్ప మల్ల లేచిండు. ‘సారూ, ఆ కొందరల నేనొకణ్ణి. నా పేరు రాయి. బాలప్ప, తండ్రి ఈరప్ప.’ నువ్వు వాడి పేరు దాపెట్టాలెనన్నవ్. వాడు రొమ్ము మీద చెయ్యి పెట్టి చెప్పిండు. వాడి వెనుక లైను గట్టిన్రు. ఒక్కొక్కరు పేరు, తండ్రి పేరో మొగని పేరో, అన్న మాట. నేను బల్ల పక్కన నిలబడి చిన్న సారు రాసేది చూసుకుంట, ‘ఒత్తు పడలే సార్’, ‘సర్వే నంబరు తప్పింది సార్’ అనుకుంట దిద్దించిన. రెండు గంటలు పట్టింది. పెద్ద సారు అన్ని పేర్లు చదివేదాక కూసొని సంతకం పెట్టిండు.

అంతా అయినంక చిన్న సారు కాయితాలు సర్దుకుంటుంటే, ‘సార్, నా పేరు’ అన్న. ‘నీ పేరు మర్చిపోతమా పెద్దాయనా, నువ్వు లేని మీటింగుంటదా’ అని నవ్విండు. నేను సుత నవ్విన.

పోయిన వారం గోడకు కాయితం అంటించిన్రు. వేలు పెట్టి చదివిన. అరవై మూడు పేర్లు. నాది లేదు. నీకు రాసిన గద, నన్నెరగని ఆఫీసు లేదని. ఎరుకున్నందుకే రాయలే.

ఆ పిల్లగాన్ని తప్పు పట్టకు, కావాలని చేయలే. రెండు రోజులు అన్నం సయించలేదు, అబద్ధమెందుకు. మూడో రోజు మల్ల పోయి చదివిన. అరవై మూడు పేర్లల్ల ఒక్క అక్షరం తప్పులేదు. ఈరప్పకు ‘ఈ’ సరిగ్గ పడ్డది. చూసుకుంట నిలబడితే ఒక తీరుగ మంచిగనే అనిపించింది. కంపెనీ పెరుగుతదా లేదా పైనోళ్లు చెప్పాలె, ఇంక చెప్పలే. చెప్పినా ఈసారి కొందరు అనరాదు.

నువ్వు ఆ వాక్యం వెతకకుంటే ఇదేం లేదు. పా-7 మీద నాకు కోపం పోయింది. వాణ్ణి ఉండనియ్యి.

ఇట్లు మీ మామ,
సంగప్ప.
నకలు: 1. ఫైలుకు. 2. చెల్లెకు. 3. బాలప్పకు.

*

ఢిల్లీ,
28 ఫిబ్రవరి 2025.
(రిజిస్టర్ పోస్టు, రసీదు కార్డుతో)

విషయం: పా-7 అను వ్యక్తిని తొలగించుట గురించి.
సూచిక: 1) తమరి లేఖ, తేదీ 30 అక్టోబర్. 2) కమిటీ ఉత్తర్వు, తేదీ 24 ఫిబ్రవరి.

గౌరవనీయులైన మామకు విన్నవించుకొనునది ఏమనగా,

కమిటీ ఒప్పుకుంది. నువ్వు మొదట పంపిన సమ్మతి పత్రమే నీకు పని చేసింది. ఖాళీలన్నీ కొట్టేసి, ప్రతి పేజీ మీదా పూర్తి పేరు రాసి సంతకం పెట్టావు చూడు, అది చూసి కమిటీలో పెద్దావిడ, ‘ఈ మనిషి దాక్కోవాలనుకోవడం లేదు’ అన్నారట. బాలప్ప మామ పేరు మాత్రం ఆయన ఒప్పుకుంటూ రాసిస్తేనే. నువ్వే అడుగు.

మూడో అధ్యాయం పన్నెండో పేజీ ఇప్పుడు ఇలా ఉంది:

‘బొంతకుంట రైతు ఎం. సంగప్ప, తండ్రి కీ.శే. శరణప్ప, 2009 నుంచి ప్రతి నెలా ఒకటో తేదీన తన బోరు నీటిని సేకరించి, రంగునూ వాసననూ నమోదు చేశారు. ఇంత క్రమం తప్పని నమోదు ఈ పరిశోధనలో మరెక్కడా దొరకలేదు. 2024 డిసెంబర్ 18న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో అరవై మూడు మంది పేర్లు నమోదు కావడానికి ఈయనే కారణం. ఆ పత్రంలో ఈయన పేరు లేదు. అందువల్ల ఇక్కడ రాయడమైనది.’

పేజీ జతపరిచాను. గోడ మీద దొరకని మనిషి ఇక్కడ దొరుకుతాడేమో, వేలు పెట్టి చూసుకో. మామా, నేను నీ కోడల్ని అని చెప్పుకోవడం నాకు ఏ పట్టా కంటే ఎక్కువ.

తమ విధేయురాలు,
నిషిత.
నకలు: అమ్మకు.

*

బొంతకుంట,
16 మార్చి 2025.
(రిజిస్టర్ పోస్టు, రసీదు కార్డుతో)

విషయం: పేరు చేర్చుట గురించి.
సూచిక: మూడో అధ్యాయం, పేజీ 12.

బిడ్డా నిషితా,

పేజీ ముట్టింది. పోస్టుమ్యాన్ ముంగటనే నిలబడి చదివిన. మల్ల మొదటి సంది చదివిన. నేను దొరికిన. కండ్లల్ల నీళ్లొచ్చినయ్, దాపెట్టను.

లోపలికి పోయి మీ అత్తకు పైకి చదివి వినిపించిన. ఆమె చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నది. ‘రంగునూ వాసననూ నమోదు చేశారు’ అన్న కాడ ఆమె చెయ్యి ఆగింది. మల్ల ఇంకొక కాయ తీసుకున్నది. నేను అక్కడనే ఆపిన, మిగిలింది చదవలే.

గోళ్ల రంగు వాసన నీకెట్ల తెలుసని అడిగినవ్. జవాబు రాయలే, మర్చిపోయి కాదు. నాకు తెల్వది బిడ్డా. నా ముక్కు చచ్చిపోయి పద్దెనిమిదేండ్లు. నీళ్లు తెచ్చేది ఆమె, మూత తీసి వాసన చూసి చెప్పేది ఆమె. నువ్వు సెలవులకొచ్చినప్పుడు ఆమె పది వేళ్లకు ఎర్ర రంగు పెట్టినవ్, యాదికున్నదా? ఆ వాసన ఆమె మర్చిపోలే. నేను పక్కన కూసొని చీటీ రాసిన, కింద నా పేరు పెట్టుకున్న. నూట తొంభై సీసాలు. ఎవలెవలి మీదనో కొట్లాడిన నా పేరు రాయలేదని. వాళ్లు నాకు జేసింది, నేను నా ఇంట్ల ఆమెకు జేసిన. ఆమె ఒక్కనాడు అడగలే. అడగలేదు గద అని నేను రాయలే.

‘నిషితకు రాసి నీ పేరు పెట్టిస్త’ అన్న. ‘నా పేరు రాస్తే నీళ్లు మంచిగైతయా’ అన్నది. ఇంకొక కాయ ఈనె తీసి, ‘రాస్తే మణికి పెద్ద ణ పెట్టుమను, రేషను కార్డుల తప్పు పడ్డది’ అన్నది.

కావున పన్నెండో పేజీల ఈ కింది వరుస చేర్చగలవు: ‘నీళ్లు పట్టినది, వాసన చూసి చెప్పినది: ఎం. వీరమణి. చీటీ రాసినది: సంగప్ప.’ సీసాల మీద సుత పాతది కొట్టెయ్యకుండ కింద ఈ వరుస కలుపుతున్న, ఇయ్యాల్టి తారీఖు వేసి. నలభై అయినయ్. మిగిలినయి మోకాలు సహకరించినంత జల్దీ చేస్త.

ఇట్లు,
సంగప్ప.

నకలు: వీరమణికి. చదివి వినిపించడమైనది. తప్పులు లేవన్నది.